తీరమునకు వచ్చిన అతిథి

మన గుంటూరు సీమలో పత్తి తీతలు ముగిసి, మిరపకాయ కల్లములలో ఎండి బస్తాలకెక్కిన పిమ్మట గృహస్థునకు కొంచెము తీరిక చిక్కును. ఆ దినములలోనే కూతురు, అల్లుడు, వియ్యాలవారు, దూరపు పట్టణములలో ఉద్యోగములు చేయు బంధువులు మన యిండ్లకు వచ్చుచుందురు. మొదటినాడు కుశలప్రశ్నలతోను భోజనములతోను గడచును. రెండవనాడు తెల్లవారగనే పిల్లలు “ఎచ్చటికైనను పోవుదము” అని పట్టుపట్టుదురు. శివరాత్రి దినములైనచో కోటప్పకొండ ప్రభలను చూపుదుము. కార్తికమాసమైనచో ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుదుము. ఈ రెండును కానినాడు అందరి నోటను వచ్చు మాట యొక్కటియే: సముద్రము.

గృహస్థు వారిని సూర్యలంకకో వాడరేవునకో తీసికొనిపోవును. సాయంకాలమునకు పెద్దలు తడిసిన బట్టలతోను, పిల్లలు జేబుల నిండ గవ్వలతోను తిరిగి వత్తురు. వినుట కిది మిక్కిలి చిన్న విషయము. అయినను దీని వెనుక ఒక పెద్ద చరిత్ర కలదు. తీరమునకు వచ్చిన పరాయివానిని ఎట్లు చూడవలెనను ప్రశ్న మన యొడ్డున ఏడువందల ఎనుబది సంవత్సరముల క్రిందటనే పుట్టినది. దాని కొక రాజు చెప్పిన సమాధానము రాతిమీద చెక్కబడి నేటికిని నిలిచియున్నది. నేడు నేను మీకు చెప్పదలచినది ఆ సమాధానమును గూర్చియే.

ముందుగ తీరమును గూర్చి రెండు మాటలు. కృష్ణానది సముద్రమున కలియు చోటినుండి దక్షిణముగ గుండ్లకమ్మ కలియు చోటివరకు నడచినచో నిజాంపట్నము, సూర్యలంక, వాడరేవు, మోటుపల్లి వరుసగ వచ్చును. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినపు డీ తీరమంతయు ఆ జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా వేరుపడి, 1972లో ప్రకాశం జిల్లా యను పేరు దాల్చెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా ఏర్పడుటతో నేటి గుంటూరు జిల్లాకు సముద్రపుటొడ్డే లేకపోయినది. కాని జిల్లాల హద్దులు కాగితముమీదివి. గుంటూరు సీమ యనినచో మన పెద్దల మనస్సులో సముద్రముకూడ కలిసియే యుండును.

ఇక మోటుపల్లికి పోవుదము. నేడది చినగంజాము సమీపమున నున్న యొక చిన్న గ్రామము. కాకతీయుల కాలమున నది తూర్పుతీరమందలి ప్రసిద్ధములైన రేవులలో నొకటి. అచ్చటి వీరభద్రాలయమున శకవర్షము 1166, అనగా క్రీస్తుశకము 1244, నాటి శాసనస్తంభ మొకటి కలదు. దానిని వేయించినవాడు కాకతి గణపతిదేవ చక్రవర్తి. చరిత్రకారులు దానిని అభయశాసన మందురు.

అభయ మెవరికి? సముద్రముమీద వచ్చు వర్తకులకు. అభయ మెందుకు? ఆ కాలపు ఆచారమును తెలిసికొన్నగాని యిది బోధపడదు. ఒక దేశమునుండి మరియొక దేశమునకు సరకులతో పోవు ఓడ గాలివానలో చిక్కి, పగిలి, పరాయితీరమునకు కొట్టుకొనివచ్చినచో, ఆ తీరమునేలు రాజు దానిలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను సమస్తమును తనవిగ పట్టుకొనుచుండెను. సముద్రము తెచ్చి పడవేసినది రాజు సొత్తని వారి వాదము. ఈ యాచారము మనదేశమునకే ప్రత్యేకము కాదు. ఆ కాలమున ఐరోపాఖండపు తీరములందును ప్రభువులిట్లే చేయుచుండిరి. ప్రాణములతో ఒడ్డుచేరిన నావికుడు, అలలు మిగిల్చినదానిని మనుష్యులు దోచుకొనుట కన్నులార చూడవలసివచ్చెడిది.

గణపతిదేవు డీ పద్ధతిని ఎత్తివేసెను. పూర్వపు రాజులు బలాత్కారముగ పట్టుకొనుచుండిన సరకును, నియమితమైన సుంకము తప్ప, తాము తిరిగి యిచ్చివేయుచున్నామని శాసనమున ప్రకటించెను. ధనము ప్రాణముకంటెను ఎక్కువయని తలచి సముద్రయానమునకు తెగించినవారిపట్ల దయచేతను, కీర్తికొరకును, ధర్మముకొరకును ఇట్లు చేయుచున్నట్లు చెప్పెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట ఒక వంతని నిర్ణయించెను. కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, పట్టునూలు, మిరియములు, పోకలు మొదలయిన సరకులను పేర్కొని వానికి చెల్లింపవలసిన మొత్తములను వ్రాయించెను.

ఇందు రెండు సంగతులు మనము గమనింపవలెను. మొదటిది, ఆపద వచ్చిన యతిథియొక్క దురదృష్టమును మన లాభముగ మార్చుకొనరాదనుట. రెండవది, అతిథి యీయవలసిన దెంతయో ముందుగనే, అందరికిని కనబడునట్లు, వ్రాసిపెట్టవలెననుట. వ్రాసియున్నచో సుంకరి ఒకనివద్ద ఒక రీతిగ, మరియొకనివద్ద మరియొక రీతిగ వసూలుచేయుట కవకాశము తగ్గును. రాజునకు దయ యున్న చాలదు. ఆ దయ రేవులోని చిన్న యుద్యోగివరకు చేరవలెను. అందులకే దానిని రాతిమీద చెక్కించెను.

ఈ ధర్మము వలన రాజు నష్టపడెనా? లేదు. ఒక రేవున దోపిడికి గురియైన వర్తకుడు ఆ సంగతిని పది రేవులలో చెప్పును. ఒక రేవున న్యాయమును పొందినవాడును అట్లే పది రేవులలో చెప్పును. శాసనమున కీర్తియను మాట వట్టి యలంకారము కాదని చూపుట కొక నిదర్శన మున్నది.

వెనిసు నగరమునకు చెందిన మార్కో పోలో యను యాత్రికుడు చీనాదేశమునుండి సముద్రమార్గమున మరలి వచ్చుచు, 1290 తరువాతి సంవత్సరములలో మన దక్షిణదేశ సముద్రములలో ప్రయాణము చేసెను. ఆతని గ్రంథమున ముత్ఫిలి యను రాజ్యము వర్ణింపబడినది. ఈ ముత్ఫిలి మన మోటుపల్లియే. అచ్చటి బట్టలు సాలెగూటివలె సన్ననివనియు, రాజులును రాణులును ధరింపదగినవనియు ఆతడు మెచ్చుకొనెను. వజ్రములను గూర్చి వింతకథ యొకటి వ్రాసెను: పాములు నిండిన లోయలలోనికి మాంసఖండములను విసరినచో వానికి వజ్రము లంటుకొనునట, ఆ మాంసమును గ్రద్దలు పైకి తెచ్చునట! ఇది ఓడలలో ప్రొద్దుపుచ్చుటకు చెప్పుకొను కథ. ఆ కథతోపాటు ఆతడు చెప్పిన మరియొక మాట మాత్రము మనకు ముఖ్యము. ఆ రాజ్యమును వివేకవతియైన యొక రాణి పాలించుచున్నదనియు, ఆమె న్యాయమును శాంతిని నిలిపినందున ప్రజ లామెను మిక్కిలి ప్రేమించుచున్నారనియు ఆతడు వ్రాసెను.

ఆతడామెను చనిపోయిన రాజుయొక్క భార్య యనెను. అది పొరపాటు. ఆమె గణపతిదేవుని కుమార్తె రుద్రమదేవి యని చరిత్రకారులు నిశ్చయించిరి. చందుపట్ల శాసనమునుబట్టి చూడగా రుద్రమదేవి 1289లో మరణించెను. అనగా మార్కో పోలో యీ సముద్రములలో తిరుగునాటి కామె జీవించియుండలేదు. అయినను ఓడవారి నోళ్లలో ఆమె న్యాయము ఇంకను జీవించియే యుండెను. తండ్రి శాసనమున కోరిన కీర్తి కూతురి పేరున సముద్రములు దాటి వెనిసు నగరమువరకు పోయినది.

కాకతీయ రాజ్యము 1323లో అంతరించినది. ఆపైన మన సీమను కొండవీటి రెడ్డిరాజులు పాలించిరి. వారిలో అనవోతారెడ్డి 1358లో మోటుపల్లిలోనే మరల శాసనము వేయించి, పరదేశములనుండియు ద్వీపాంతరములనుండియు వచ్చు వర్తకులకు అభయమిచ్చెను. ఇచ్చట నివసింపగోరువారికి భూమి యిత్తుమనియు, తమ సరకును తమ కిష్టమైనవారికి అమ్ముకొనవచ్చుననియు, వెడలిపోదలచినపుడు నిర్బంధింపమనియు చెప్పెను. రాజవంశము మారినను తీరధర్మము మారలేదు. రమ్మని పిలుచుటతోపాటు, పోదలచినపుడు స్వేచ్ఛగ పోనిచ్చుటయు ఆతిథ్యములోని భాగమేయని యీ రెండవ శాసనము మనకు బోధించుచున్నది.

అయితే వచ్చినవారందరును అతిథులుగనే నిలిచిరా? ఈ ప్రశ్నకు నిజాంపట్నము సమాధానము చెప్పును. పాశ్చాత్యులు పెటపోలి యని పిలిచిన రేవిదే. 1606లో డచ్చివారును, 1611లో గ్లోబు అను ఓడమీద ఆంగ్లేయులును ఇచ్చటికి వర్తకమునకై వచ్చిరి. వారు కోరినది మన సాలెవారు నేసిన బట్టలు, అద్దకపు వస్త్రములు. మొదట సుంకమును గూర్చి బేరమాడినవారు, నూటయేబది సంవత్సరములు గడచునప్పటికి భూమిని గూర్చి బేరమాడిరి. 1759లో నిజాము సలాబత్ జంగు చేసిన సంధివలన మచిలీపట్టణముతోపాటు నిజాంపట్నము, కొండవీడు సీమలును ఆంగ్లేయ కంపెనీ చేతిలోనికి పోయెను. అతిథిని గౌరవించుట వేరు. ఇంటి తాళపుచెవి యప్పగించుట వేరు. ఈ వివేకముకూడ తీరము నేర్పిన పాఠమే.

ఇంతవరకు చెప్పినది సరకులకొరకు వచ్చిన యతిథుల కథ. వినోదమునకై సముద్రమును చూడవచ్చు నేటి యతిథి యెట్లు వచ్చెనో యిక చెప్పెదను.

మన పూర్వులు సముద్రమును చూచి నమస్కరించిరేగాని, ఎప్పుడుపడిన నప్పుడు దానిలో దిగలేదు. రావిచెట్టును శనివారముననే తాకవలెననియు, సముద్రమును పర్వదినములందే తాకవలెననియు వారొక నియమము పెట్టుకొనిరి. కార్తిక పూర్ణిమకు, మాఘ పూర్ణిమకు బండ్లు కట్టుకొని, చుట్టుప్రక్కల గ్రామములవారితో కలిసి పోయి, గుంపుగ స్నానముచేసి, గుంపుగ తిరిగి వచ్చెడివారు. ఈ నియమమునకు కారణ మేమైనను, దానివలన ఒక మేలు కలిగినది: ఒంటరిగ సముద్రమున దిగు అలవాటు మనవారికి పట్టుబడలేదు.

తరువాత దారులు సులభమయ్యెను. 1855లో విజయవాడవద్ద కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ప్రాకినవి. కొమ్మమూరు కాలువ డెల్టానుండి పెదగంజామువరకు పోయి, అచ్చట బకింగుహాము కాలువతో కలిసెను. మనుష్యులును ధాన్యమును పడవలమీద చెన్నపట్టణమువరకు పోవుటకు వీలు కలిగెను. నేడా పడవల రాకపోకలు లేవు. 1899లో విజయవాడ, చెన్నపట్టణముల నడుమ రైలుమార్గము పూర్తికాగా బాపట్ల, చీరాల దూరపువారికిని అందుబాటులోనికి వచ్చెను. 1913లో ప్రథమ ఆంధ్రమహాసభ బాపట్లలో జరిగినపుడు తెలుగు జిల్లాల నలుమూలలనుండి ప్రతినిధు లీ యూరికి అతిథులుగ వచ్చిరి. ఆ బాపట్లకు సూర్యలంక ఇంచుమించు రెండు క్రోసులకు పైబడిన దూరముననే యున్నది. ఇప్పుడు రోడ్లు, కార్లు వచ్చినందున గుంటూరునుండి ఉదయము బయలుదేరినవారు సముద్రమును చూచి రాత్రి భోజనమునకు ఇల్లు చేరుచున్నారు. ఒడ్డున బసలు, భోజనశాలలు ఏర్పడినవి. మన పూర్వులు సంవత్సరమున కొకటి రెండుసార్లు చేసిన ప్రయాణము ఆదివారపు వినోదమైనది.

ఇది సంతోషింపదగిన విషయమే. కాని దారి సులభమైనంతమాత్రమున సముద్రము సులభము కాలేదు. పండుగలనాడును సెలవులనాడును విహారమునకై పోయిన యువకులు అలలలో మునిగి మరణించిరను వార్తలు మన తీరమునుండి వచ్చుచునే యున్నవి. కాలువలో ఈత నేర్చినంతమాత్రమున సముద్రమున చాలదు. కాలువకు రెండువైపుల గట్టు కలదు, నీరొకవైపునకే పారును. సముద్రమున కొకవైపే ఒడ్డు. దాని నీరు ముందునకు వచ్చి వెనుకకును పోవును.

ఆ వెనుకకు పోవు నీటిని గూర్చి పెద్దలు తెలిసికొని పిల్లలకు చెప్పవలెను. అలలు ఒడ్డునకు తెచ్చిన నీ రంతయు మరల లోనికి పోవలెను గదా. నీటి క్రింది ఇసుకతిన్నెల నడుమ సందు దొరకినచోట నది ఇరుకుగను వేగముగను పోవును. అట్టి చోట అలలు విరుగుట తక్కువ. నీరు నెమ్మదిగ కనబడును. తెలియనివాడు ఇదియే మంచి రేవని దిగును. లాగుకొనిపోవుచుండగా భయపడి నేరుగ ఒడ్డువైపు ఈదుటకు పెనుగులాడి అలసిపోవును. అట్లు చేయరాదు. ఆ వడి నడిసముద్రమువరకు పోదు, వెడల్పును తక్కువే. కనుక చేయి పైకెత్తి సహాయము కోరుచు, నీటిపై తేలుచు, ఒడ్డునకు సమాంతరముగ ప్రక్కకు ఈదవలెను. వడి దాటిన పిమ్మట అలలతో కలిసి ఒడ్డునకు రావచ్చును. ఒడ్డున నున్నవారును ఆవేశముతో వెనుక దూకరాదు. త్రాడో, గాలి నింపిన ట్యూబో, మూతబిగించిన ఖాళీ డబ్బాయో విసరవలెను. ఒకని రక్షింపబోయి ఇద్దరు ముగ్గురు మరణించుట ఇట్టి తొందరవలననే జరుగును.

మరియొక సంగతి. పూర్ణిమకును అమావాస్యకును సూర్యచంద్రు లొకే వరుసలో నుండుటచే ఆటుపోట్లు మిగిలిన దినములకంటె ఎక్కువగ నుండును. మనము గుంపులుగ స్నానమునకు పోవునది ఆ పర్వదినములందే. కావున పుణ్యదినమని జాగ్రత్త తగ్గింపరాదు, పెంచవలెను. 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారము, పూర్ణిమ. ఆకాశమున తుపాను గురుతు ఏదియు లేని యుదయమున సునామి వచ్చి మన ఆంధ్రతీరమున నూటికి పైగా ప్రాణములను బలిగొన్నది. ఆ తరువాత 2007లో హైదరాబాదునందు సునామి హెచ్చరిక కేంద్ర మేర్పడినది. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన దివిసీమలో వేలకొలది జనులను ముంచినది. మన రేపల్లె, బాపట్ల ప్రాంతములను కూడ పాడుచేసినది. ఆనాటివారు మన గ్రామములలో నింకను కొందరు కలరు. తుపాను దినములలో నిజాంపట్నము, వాడరేవులలో ప్రమాదసూచికలు ఎగురవేయుదురు. ఒకటినుండి పదునొకండువరకు వానికి సంఖ్యలు కలవు. మొత్తముమీద పెద్ద సంఖ్యలు ఎక్కువ ప్రమాదమును తెలుపును. సూచిక యెగిరిననాడు అతిథి ఎంత బతిమాలినను తీరమునకు తీసికొనిపోని గృహస్థే మంచి గృహస్థు.

తీరమున అడుగుపెట్టగనే మొదట పలుకరింపవలసినవారు జాలరులు. ఏచోట లోతున్నదో, ఏచోట నీరు లాగునో, ఈ దినము గాలి యెటువంటిదో వారికి తెలిసినంత మనకు తెలియదు. వాడ యనగా ఓడ. వాడరేవు అను పేరే ఆ యూరు ఎంతకాలమునుండి సముద్రముతో సహవాసము చేయుచున్నదో చెప్పుచున్నది. వారు దిగవద్దన్నచోట దిగరాదు. మునుగుచున్నవారిని చూచి నీటిలోనికి పోవువారు అనేక పర్యాయములు వారే. వారి వలలను త్రొక్కక, వారి తెప్పలమీద పిల్లల నెక్కింపక, మర్యాదగ మాటలాడుట మన విధి. సీసాలు పగులగొట్టి యిసుకలో విడుచుట వారి కాళ్లకు గాయము చేయుటయే. చలికాలపు చివరి రాత్రులలో సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుట కీ యిసుకతిన్నెలకే వచ్చును. అవియు తీరమునకు వచ్చిన యతిథులే; వానికిని అభయము కావలెను.

తీరమున బసలు, అంగళ్లు, వాహనములు నడుపువారికి కూడ మోటుపల్లి స్తంభ మొక మాట చెప్పుచున్నది. వెల ముందుగ వ్రాసిపెట్టుడు; అందరివద్ద ఒక్కటే తీసికొనుడు. క్రొత్తవాడని, దూరపువాడని, ప్రొద్దుక్రుంకినదని, వాన పట్టుకొన్నదని రెండింతలు అడుగుట, పగిలిన ఓడలోని సరకును దోచుకొనుటకు తమ్ముడు.

పెద్దలారా, మోటుపల్లి రేవున నేడు ఓడలు లేవు. చీనా కర్పూరమును లేదు, పగడములును లేవు. శాసనస్తంభము మాత్ర మున్నది. పిల్లలను సముద్రమునకు తీసికొనిపోవునపుడు ఒకసారి ఆ గుడికికూడ తీసికొనిపోయి, ఆ రాతిని చూపుడు. సముద్రమున చిక్కినవానికి భయము లేకుండ చేయుట రాజధర్మమని మన సీమలో నొక రాజు రాతిమీద చెక్కించెనని చెప్పుడు. నేడు మన తీరమునకు వచ్చునది ఏనుగులతో నిండిన ఓడ కాదు. మన చెల్లెలి కొడుకు, మన వియ్యాలవారి మనుమడు. వాడు నవ్వుచు నీటిలో దిగునపుడు ఒడ్డున నిలిచి, తల లెక్కపెట్టుకొనుచు కన్నార్పక చూచు పెద్దవా డొకడు ఉండవలెను. గణపతిదేవు డిచ్చిన అభయమును నేడు తీరమున నిలుపవలసినవాడు ఆ పెద్దవాడే.